కీమో వార్డులో మీ చేతులు, ఇంట్లో అత్తగారి పంపు: ఎక్కడ జాగ్రత్త పడాలి, ఎక్కడ భయం అక్కర్లేదు

మీరు అడిగినవి రెండు సంగతులు. కొత్తగా కీమో డే కేర్‌లో డ్యూటీ పడింది. అక్కడి సీనియర్లు "ఏళ్ల తరబడి చేస్తున్నాం, మాకేమైంది? ఒక జత గ్లోవ్స్ చాలు" అంటున్నారు. ఇంకోపక్క మీ అత్తగారికి పెద్దపేగు క్యాన్సర్, ప్రతి సైకిల్‌కీ (కీమో విడతకీ) 46 గంటల పాటు ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు ఎక్కించే పంపు తగిలించి ఇంటికి పంపుతున్నారు. ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే. తోడికోడలు గర్భవతి. అందరికీ టెన్షన్.

నేను కీమో వార్డులో నర్సుగా మొదలై, తర్వాత ఈ మందులు ఎక్కించడం కొత్తవాళ్లకు నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ వార్డులో పడాల్సిన జాగ్రత్త పడటం లేదు. మీ ఇంట్లోనేమో భయపడక్కర్లేని చోట భయపడుతూ, చూసుకోవాల్సింది వదిలేస్తున్నారు. అత్తగారి కంచం వేరు పెట్టారని రాశారు, పంపు ఎంత తగ్గిందో ఎవరు చూస్తున్నారో రాయలేదు. అందుకే అంటున్నాను.

ముందు ఆ "మాకేమైంది" సంగతి. 1979లో ఫిన్లాండ్‌లో కీమో మందులతో పనిచేసే నర్సుల మూత్రం పరీక్షిస్తే, జన్యువుల్లో మార్పులు తెచ్చే గుణం అందులో ఎక్కువగా కనిపించింది. వాళ్లెవరికీ కీమో ఇవ్వలేదు, వాళ్లు ఇచ్చారంతే. 1985లో అదే దేశం నుంచి వచ్చిన మరో అధ్యయనం, గర్భం తొలి మూడు నెలల్లో ఈ మందులు ముట్టుకున్న నర్సుల్లో గర్భం పోవడానికీ ఆ పనికీ సంబంధం ఉందని చూపింది. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ 2004లో ఆసుపత్రులకు హెచ్చరిక జారీచేసింది. ఇలాంటి ప్రమాదకరమైన మందులను ఎలా పట్టుకోవాలో చెప్పే యూఎస్‌పీ 800 అనే ప్రమాణం అక్కడ 2019 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఇది ఎవరో అతిజాగ్రత్తపరుల చాదస్తం కాదు. ఈ మందుల్లో చాలావాటి పని కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీయడమే. వాటి ప్రభావం ఏళ్ల తర్వాత తేలవచ్చు, లేదా గర్భం నిలవకపోవడంగా కనిపించి దాని కారణం ఎవరికీ తట్టకపోవచ్చు. కాబట్టి "నాకేమీ కాలేదు" అన్నది రుజువు కాదు. ఏటా చేసే రక్తపరీక్ష మామూలుగా వచ్చిందంటే మందు ఒంట్లోకి పోలేదని అర్థం కాదు. పేషెంట్‌కి ఆ మందు వల్ల కలిగే మేలు కోసం ప్రమాదాన్ని ఒప్పుకుంటాం. మీకు దానివల్ల మేలేమీ లేదు, ఒక్క చుక్క కూడా ఎందుకు తీసుకోవాలి?

అసలు మందు ఒంట్లోకి ఎలా పోతుందో చూస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. సూది గుచ్చుకోవడం, కంట్లో చిందడం అందరికీ తెలుసు. ఎక్కువగా జరిగేది అది కాదు. చర్మం మీద పడిన, కంటికి కనిపించని మోతాదు, అక్కడి నుంచి నోటికి వెళ్లే చెయ్యి. ఇదే పెద్ద దారి.

మేం శిక్షణలో ఒక పని చేస్తాం. సెలైన్ బ్యాగులో మందుకు బదులు ఫ్లోరోసెంట్ రంగు కలిపి, కొత్త సిస్టర్లను ఎప్పటిలాగే ఎక్కించమంటాం. బ్యాగు తగిలించి, సెట్ (మందు పోయే గొట్టం) మార్చి, తీసేసి, చార్ట్ రాసి వస్తారు. అప్పుడు లైట్లు ఆపి అల్ట్రావయొలెట్ దీపం పట్టుకుంటే గది కథ చెబుతుంది. గ్లోవ్ వేళ్ల చివర మెరుస్తుంది, సరే, అది ఊహించిందే. పంపు బటన్ల మీద మెరుస్తుంది. పెన్ను మీద, చార్ట్ అంచు మీద, బెడ్ రైలింగ్ మీద, తలుపు పిడి మీద. ఒక్కోసారి కళ్లజోడు ముక్కు మీద జారినప్పుడు పైకి నెట్టిన చోట. గ్లోవ్స్ వేసుకున్నారు కదా అంటే, వేసుకున్నారు, ఆ గ్లోవ్స్‌తోనే అన్నీ ముట్టుకున్నారు. మీ సీనియర్లను ఒప్పించాలంటే నా ఉపన్యాసం కంటే ఈ దీపం బాగా పనిచేస్తుంది. మీ ఇన్‌ఛార్జిని అడిగి ఒకసారి పెట్టించండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త వయల్ (మందు సీసా) బయటి గాజు మీద కూడా మందు అంటి ఉండవచ్చు. పెట్టె విప్పి అరల్లో సర్దే మనిషికి కూడా గ్లోవ్స్ కావాలి. ఆ పని సాధారణంగా ఎవరికి చెబుతారో మీకు తెలుసు, వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు.

ఇక ఎక్కించే దగ్గరికి వద్దాం. మీ వార్డులో మందు బ్యాగును స్టాండ్‌కి తగిలించి, చెయ్యి పైకెత్తి స్పైక్ (సెట్ చివరి మొన) గుచ్చి, మందుతోనే సెట్ ప్రైమింగ్ చేసి (గాలి పోయేలా నింపి), చివర చుక్కలు కిడ్నీ ట్రేలో వదులుతారని రాశారు. నా లెక్కలో ఒక జత గ్లోవ్స్ కంటే ఇది పెద్ద తప్పు. తలపైన స్పైక్ జారినా, బ్యాగు పోర్ట్ చిరిగినా ధార నేరుగా ముఖం మీదికే వస్తుంది. స్పైక్ ఎప్పుడూ నడుము ఎత్తులో, టేబుల్ మీద ప్లాస్టిక్ అడుగున్న పీల్చే ప్యాడ్ వేసి, దాని మీద గుచ్చాలి. సెట్‌ను మందుతో కాదు, ఉత్త సెలైన్‌తో లేదా ఆ మందుకు సరిపడే ద్రవంతో నింపాలి. మంచి పద్ధతి ఏమిటంటే ఫార్మసీలోనే సెట్ తగిలించి, మందు కలపకముందే సెలైన్‌తో నింపి, అప్పుడు మందు కలిపి పంపడం. మీ దగ్గరికి వచ్చేసరికి గొట్టం చివర ఉన్నది ఉప్పునీళ్లే. ఆ ఏర్పాటు లేకపోతే వెనక్కి నింపే పద్ధతి ఉంది. మెయిన్ లైన్‌లో సెలైన్ నడుస్తుంటుంది. మందు బ్యాగుకు సెకండరీ సెట్‌ను (రెండో గొట్టాన్ని) క్లాంప్ మూసి ఉంచే గుచ్చి, రెండో కొసను మెయిన్ లైన్‌కి పక్కనుంచి కలిసే వై పోర్ట్‌కి బిగించి, మందు బ్యాగును మెయిన్ బ్యాగు కంటే కిందికి దించి క్లాంప్ తెరవండి. సెలైన్ కిందినుంచి సెకండరీ గొట్టంలోకి ఎక్కి గాలిని బ్యాగులోకి నెట్టేస్తుంది. తర్వాత బ్యాగు పైకి తగిలిస్తే సరి. అదనంగా ఖర్చయ్యేది ఒక నిమిషం.

అయిపోయాక స్పైక్ పీకకండి. పీకినప్పుడే చిందుతుంది. లైన్‌ను సెలైన్‌తో ఫ్లష్ చేసి, జాయింట్ కింద ప్యాడ్ పెట్టి, చుట్టూ గాజ్ పట్టుకుని విప్పి, బ్యాగూ సెట్టూ ఒక్క ముక్కగా సైటోటాక్సిక్ డబ్బాలో (కీమో చెత్తకు విడిగా పెట్టినదాంట్లో) వేసేయండి. సిరంజీలో గాలి బుడగ ఉందని గాల్లోకి చుక్క వదిలే అలవాటు ఇక్కడ పూర్తిగా మానుకోవాలి. జాయింట్లన్నీ తిప్పి బిగించే లూయర్ లాక్‌వే ఉండాలి, గుచ్చి వదిలేసేవి వద్దు. మందు బయటికి రాకుండా ఒక సీసా నుంచి మరోదానికి మార్చే క్లోజ్డ్ సిస్టమ్ పరికరాలు మీ ఆసుపత్రి కొంటే చాలా మంచిది. కానీ అవి లేవు కాబట్టి ఏమీ చేయలేం అనుకోవద్దు. పైన చెప్పినవాటికి కొత్త పరికరం అక్కర్లేదు.

గ్లోవ్స్ సంగతి ఇప్పుడు. కీమోకి పరీక్షించినవి అని పెట్టె మీద రాసి ఉండాలి. ఏఎస్‌టీఎం డీ6978 అనే పరీక్ష పేరు చూడండి. వినైల్ గ్లోవ్స్ పనికిరావు, పౌడర్ ఉన్నవి వద్దు. రెండు జతలు వేసుకోవాలి. లోపలి జత గౌను కఫ్ కిందికి, పై జత కఫ్ మీదికి. అప్పుడే మణికట్టు దగ్గర సందు ఉండదు. పై జత తీస్తే లోపలి జతతో శుభ్రంగా మిగతా పని చేయవచ్చు, పెన్ను ముట్టుకోవచ్చు. రెండు జతల అసలు లాభం అదే. తయారీదారు వేరే సమయం చెప్పకపోతే అరగంటకోసారి మార్చాలి, చిరిగినా మందు పడినా వెంటనే. కార్ముస్టిన్, థయోటెపా లాంటివి గ్లోవ్‌లోంచి మిగతావాటికంటే త్వరగా చొచ్చుకుపోతాయి. గౌను ముందు తెరుచుకునేది కాకుండా వెనక కట్టేది, పైన ప్లాస్టిక్ పూత ఉన్నది కావాలి. గుడ్డ గౌను తడిని పీల్చుకుని చర్మానికి అంటిస్తుంది, అది ఉన్నా లేనట్టే. సర్జికల్ మాస్క్ ఆవిరినీ పొడినీ ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. గ్లోవ్స్ తీశాక సబ్బు, నీళ్లు. శానిటైజర్ రుద్దుకుంటే క్రిములు చస్తాయి, మందు మాత్రం చేతిమీదే ఉంటుంది, పైగా ఇంకాస్త పరుచుకుంటుంది.

మీరు పైపైన రాసి వదిలేసిన ఒక ముక్క నన్ను నిజంగా భయపెట్టింది: "రష్ ఉన్న రోజు సిస్టర్లే పక్కగదిలో కలిపేస్తారు." ఆ గదిలో ఉన్నది గాలిని మనిషి వైపుకు వదిలే హారిజాంటల్ లామినార్ ఫ్లో పెట్టె అయితే, అది మందును దుమ్ము నుంచి కాపాడుతుంది, మందును మీ ముఖానికేసి ఊదుతుంది. కీమోకి కావలసింది గాలిని లోపలికి లాగి, పైనుంచి కిందికి వదిలి, వడపోసి బయటికి పంపే బయోసేఫ్టీ క్యాబినెట్ లేదా ఐసోలేటర్. అది కూడా చుట్టుపక్కల గదులకంటే గాలి ఒత్తిడి తక్కువున్న గదిలో ఉండాలి. వయల్‌లోకి గాలి ఎక్కువ తోస్తే సూది తీయగానే మందు తుంపరగా లేస్తుంది. కాబట్టి తీయబోయే ద్రవం కంటే తక్కువ గాలే పంపాలి. ఇదంతా శిక్షణ ఉన్న ఫార్మసీవాళ్ల పని. రష్ అని వార్డులో కలపడం మానేయాల్సిందే, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా అడగండి.

ఈ జాగ్రత్తలు కీమోకి మాత్రమే అనుకోవడం ఇంకో పొరపాటు. గాన్‌సైక్లోవిర్ వైరస్ మందే, కానీ గర్భానికీ వీర్యానికీ చేటు చేయగలదు, పైగా కలిపిన ద్రావణం బాగా క్షారం, పీహెచ్ 11 దాకా ఉంటుంది. కీళ్లవాతానికో ఇంకోదానికో సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించే వార్డులో, అది క్యాన్సర్ వార్డు కాదు కదా అని ఉత్త చేతులతో తగిలిస్తారు. మందు అదే, ప్రమాదమూ అదే. మరోవైపు రిటుక్సిమాబ్ లాంటి మామూలు యాంటీబాడీలు పెద్ద ప్రొటీన్లు, చర్మంలోంచి పోవు, వాటికి ఇంత హడావుడి అక్కర్లేదు. అయితే అదే యాంటీబాడీకి కీమో మందు అతికించి చేసినవి ఉన్నాయి, వాటిని మళ్లీ కీమోలాగే చూడాలి. పేరు చివర ఏముందో చూసి నిర్ణయించుకోకుండా మీ ఫార్మసీని జాబితా అడిగి గోడకు అంటించుకోండి.

పేషెంట్‌కి జరిగే ప్రమాదాల గురించి మీరు అడగలేదు, కానీ అదే చెయ్యి, అదే బ్యాగు కాబట్టి రెండు మాటలు చెబుతాను. విన్‌క్రిస్టిన్ నరంలోకి ఇచ్చే మందు, పొరపాటున వెన్నులోకి ఇస్తే మనిషి బతకడం అరుదు. ఈ పొరపాటు ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. అందుకే దాన్ని సిరంజీలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. బ్యాగును ఎవరూ వెన్నుసూదికి తగిలించరు. మీ దగ్గర ఇంకా సిరంజీలో వస్తుంటే అడగండి.

రెండోది, మందు నరం బయటికి పోవడం. డాక్సోరుబిసిన్, ఎపిరుబిసిన్, విన్‌క్రిస్టిన్, వినోరెల్బిన్ లాంటివి కండను కుళ్లబెడతాయి. మంట, వాపు, బ్లడ్ రిటర్న్ (సిరంజీతో వెనక్కి లాగితే రక్తం) రాకపోవడం గుర్తులు. కానీ నొప్పి లేకుండా కూడా జరుగుతుంది, కాబట్టి "నొప్పి లేదన్నారు" అని వదలొద్దు. అనుమానం వస్తే వెంటనే ఆపండి. క్యాన్యులా (నరంలో పెట్టిన సన్నటి గొట్టం) పీకొద్దు. దాంట్లోంచే చిన్న సిరంజీతో వచ్చినంత వెనక్కి లాగి, ఆ తర్వాత తీయండి. అక్కడ నొక్కొద్దు. పెన్నుతో అంచు గీసి ఫోటో తీయండి, డాక్టర్‌ని పిలవండి. డాక్సోరుబిసిన్ తరగతికి చల్లటి కాపడం, విన్‌క్రిస్టిన్ తరగతికి వెచ్చటిది. తారుమారు చేస్తే హాని పెరుగుతుంది. డాక్సోరుబిసిన్ తరగతికి డెక్స్‌రజోక్సేన్ అనే విరుగుడు ఉంది, 6 గంటల్లోపు మొదలుపెట్టాలి. అది మీ ఆసుపత్రిలో ఎక్కడ ఉంటుందో ఈరోజే కనుక్కోండి, అవసరం వచ్చిన రోజు కాదు.

ఇక ఇంటి సంగతి.

ముందు మీ అత్తగారి కంచం, గ్లాసు మళ్లీ అందరితో కలిపేయండి. మామూలుగా కడిగితే చాలు. పక్కన కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, పిల్లలు ఒళ్లో కూర్చోవచ్చు, అదే మంచం మీద పడుకోవచ్చు. కీమో తీసుకునే మనిషి ఒంటి నుంచి రేడియేషన్ లాంటిదేదో బయటికి రాదు. నిజంగా చూసుకోవాల్సినవి మూడే చోట్లు. ఒకటి పంపు, రెండు బాత్రూమ్, మూడు తడిసిన బట్టలు.

పంపు అంటే మీరు రాసినదాన్ని బట్టి బ్యాటరీ లేని, లోపల బెలూన్ ఉన్న రకం. బెలూన్ ముడుచుకుంటూ సన్నటి గొట్టం ద్వారా మందును తోస్తుంది. గంటకు 2 మి.లీ. పంపులో 92 మి.లీ. ఉంటే 46 గంటలు. దీనికి అలారం ఉండదు, కాబట్టి అలారం మీరే. ఉదయం, సాయంత్రం ఒకే సమయానికి బెలూన్ చూసి ఎంత తగ్గిందో రాసిపెట్టుకోండి, లేదా ఫోన్లో ఫోటో తీయండి. వేగాన్ని నిర్ణయించే చిన్న ముక్క గొట్టం చివర ఉంటుంది. అది ఒంటికి ఆనుకుని ప్లాస్టర్ వేసి ఉండాలి, ఎందుకంటే చర్మం వేడికి లెక్కగట్టి చేస్తారు. అది ఊడి చల్లగాలికి వేలాడితే మందు నెమ్మదిస్తుంది. వేడినీళ్ల సంచి తగిలినా, వేడివేడి స్నానం చేసినా వేగం పెరుగుతుంది. పంపును నడుముకు సంచిలో కట్టుకోవాలి. రాత్రి పక్కమీద, పోర్ట్ (మందు పోవడానికి చర్మం కింద అమర్చిన చిన్న డబ్బా) ఎత్తుకు దగ్గరగా పెట్టుకోవాలి. తలకింద దిండులో దోపుకోవద్దు, మంచం పైన మేకుకి తగిలించవద్దు.

ఒక రోజు గడిచినా తగ్గలేదంటే క్లాంప్ మూసుందో, గొట్టం మెలిక పడిందో చూసి ఆసుపత్రికి ఫోన్ చేయండి. దానికంటే తొందర చేయాల్సింది అది ముందే ఖాళీ అయినప్పుడు. ఫ్లోరోయురాసిల్ 46 గంటలది చాలా ముందుగా అయిపోతే, మనిషి ఆ క్షణం హాయిగానే ఉంటారు. వాంతులు, నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం తర్వాత రోజుల్లో వస్తాయి. "మందు తొందరగా అయిపోయింది, మంచిదేగా" అని సంబరపడేవాళ్లని చూశాను. కెనడాలో 2006లో ఒక పేషెంట్‌కి 4 రోజుల్లో వెళ్లాల్సిన మందు 4 గంటల్లో వెళ్లిపోయింది. అది ఎలక్ట్రానిక్ పంపు, గంటకు 1.2 మి.లీ. పెట్టాల్సింది. రోజంతటికీ లెక్కైన 28.8ని గంటకు పెట్టారు. 24తో భాగించడం మర్చిపోయారు, సరిచూసిన రెండో నర్సుకీ అదే అంకె వచ్చింది. ఆమె బతకలేదు. ఇప్పుడు యూరిడిన్ ట్రయాసిటేట్ అనే విరుగుడు ఉంది. అమెరికాలో 2015 డిసెంబర్‌లో ఆమోదం పొందింది. పంపు పూర్తయిన 96 గంటల్లోపు మొదలుపెట్టాలి. దాన్ని తెప్పించాలంటే గంటలు పడుతుంది కాబట్టి, మందు ముందే అయిపోయిందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ వెళ్లాలి, తెల్లారాక కాదు. డిశ్చార్జ్ కాగితం మీద రాత్రిపూట నంబరు ఉందో లేదో చూడండి.

మీరు నర్సు కాబట్టి వార్డులో మీ వాటా కూడా చెబుతాను. పంపు లెక్క సరిచూసే రెండో మనిషి మొదటివాళ్ల అంకె చూడకుండా విడిగా లెక్కగట్టాలి. "28.8 వచ్చింది, సరేనా సిస్టర్?" అని అడిగితే సరేననే సమాధానమే వస్తుంది. లేబుల్ మీద గంటకు ఎంత అన్నది ఒక్కటే ఉండటం మేలు.

గొట్టం దగ్గర తడి, పోర్ట్ మీద డ్రెస్సింగ్ చెమ్మగా ఉండటం, చుట్టూ వాపు, ఇవేవి కనిపించినా చెమటేమో అనుకోవద్దు. గ్లోవ్స్ వేసుకుని పోర్ట్ దగ్గర క్లాంప్ మూసి, సూది మీరు పీకకుండా, ఫోన్ చేయండి. పంపే కారితే క్లాంప్ మూసి దాన్ని జిప్ సంచిలో పెట్టండి. నేలమీద పడితే ఆసుపత్రి ఇచ్చిన స్పిల్ కిట్ (చిందిన మందు తుడిచే సామాను) వాడాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, అది లేకుండా పంపుతో ఇంటికి రాకూడదు. రెండు జతల గ్లోవ్స్, గౌను, కళ్లద్దాలు వేసుకుని, పీల్చే గుడ్డ పైన వేసి, అంచు నుంచి మధ్యకి తుడుచుకుంటూ రావాలి, మధ్య నుంచి బయటికి కాదు. తర్వాత సబ్బునీళ్లతో, ఆపైన మంచినీళ్లతో, మళ్లీ మళ్లీ. స్ప్రే కొట్టొద్దు. అన్నీ కిట్‌లోని సంచిలో వేసి ఆసుపత్రికే తిరిగివ్వండి, ఇంటి చెత్తలో కాదు. ఇలాంటి చెత్తను 1,200 డిగ్రీల దగ్గర కాల్చాల్సి ఉంటుంది. చర్మం మీద పడితే వెంటనే సబ్బు, నీళ్లు, గట్టిగా రుద్దకుండా. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి, అప్పుడు ఆసుపత్రికి.

బాత్రూమ్ ఒక్కటే అన్నది పెద్ద సమస్య కాదు. మందులో కొంత మూత్రంలో, మలంలో, వాంతిలో బయటికి వస్తుంది. ఇంట్లో కీమో పేషెంట్ ఉన్నవాళ్ల మూత్రంలో కూడా సైక్లోఫాస్ఫమైడ్ జాడ దొరికినట్టు పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఊహించిన భయం కాదిది. సాధారణంగా 48 గంటలు చూసుకోమంటారు. ఈ 48 గంటలు పంపు తగిలించిన రోజు నుంచి కాదు, తీసేసిన క్షణం నుంచి. అంటే పంపు ఉన్న రెండు రోజులూ, తర్వాత రెండు రోజులూ. కొన్ని మందులు ఇంకా ఎక్కువ రోజులు వస్తాయి, సైకిల్ మారినప్పుడల్లా అడగండి. కూర్చునే వెళ్లాలి, ఇది మగవాళ్లకు మరీ ముఖ్యం. మూత మూసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఫ్లష్ లేనిచోట నీళ్లు ఎత్తు నుంచి కుమ్మరించకుండా దగ్గరగా, నెమ్మదిగా పోయాలి. చిందిన చోటు గ్లోవ్స్‌తో తుడిచి సబ్బుతో కడగాలి, తర్వాత చేతులు కూడా. ఆ తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. వాంతికి ప్లాస్టిక్ సంచి వేసిన గిన్నె మంచం దగ్గరే ఉంచితే సగం పని తప్పుతుంది. మూత్రం ఎర్రగా వస్తే డాక్సోరుబిసిన్ తీసుకునేవాళ్లలో మామూలే. మీ అత్తగారిది ఆ మందు కాదు కాబట్టి, ఆమెకు ఎర్రగా వస్తే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

తడిసిన దుప్పటి, చీర గ్లోవ్స్‌తో తీసి, మిగతా బట్టలతో కలపకుండా రెండుసార్లు ఉతకండి. తడవని బట్టలు మామూలుగానే. డయాపర్ వాడితే రెండు సంచుల్లో కట్టండి.

తోడికోడలు వంట చేయవచ్చు, అత్తగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పవచ్చు. ఆ నాలుగు రోజులూ వాంతి గిన్నె, తడిసిన బట్టలు, బాత్రూమ్ కడగడం, పంపు కారడం, ఇవి మాత్రం ఆమె చేతికి రాకూడదు. బిడ్డ పుట్టాక పాలిస్తున్నప్పుడూ అంతే. మగవాళ్లు గ్లోవ్స్ వేసుకుని ఆ పని నేర్చుకోవచ్చు.

మీ గురించి కూడా ఒక మాట, చొరవ అనుకోకండి. మీరు బిడ్డ కోసం అనుకుంటుంటే పరీక్షలో తెలిసేదాకా ఆగకుండా ముందే మీ ఇన్‌ఛార్జికి చెప్పి వేరే డ్యూటీ అడగండి. దెబ్బ తగిలే వారాల్లో చాలావరకు గర్భం ఉందని తెలియకముందే గడిచిపోతాయి. వీర్యం మీదా ప్రభావం ఉంటుంది కాబట్టి మగ నర్సులకూ, ఫార్మసిస్టులకూ ఇది వర్తిస్తుంది. ఇలా అడగడం చాలాచోట్ల ఉద్యోగి హక్కుగానే ఉంది. మీ దగ్గర రాతలో లేకపోయినా అడగండి, అడిగిన తేదీ రాసిపెట్టుకోండి.

వచ్చే సైకిల్‌కి వెళ్లినప్పుడు అత్తగారితో పాటు ఇంటికి రావాల్సినవి: స్పిల్ కిట్, కీమో గ్లోవ్స్ ఒక పెట్టె, పంపు ఎన్ని గంటలకు ఖాళీ కావాలో రాసిన చీటీ, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు. పంపు తీయడానికి ఎవరు వస్తారో, లేక మీరే వెళ్లాలో కూడా ఆ చీటీ మీదే రాయించండి. మీకు పని వచ్చు కదా అని ఇంట్లో మీరే తీసేయమంటే, పైన చెప్పిన గ్లోవ్స్, ప్యాడ్, గాజ్, సైటోటాక్సిక్ డబ్బా అన్నీ ఇచ్చాకే ఒప్పుకోండి.